తిన్నింటి వాసాలు లెక్కపెడదాం

నవంబరు నాలుగో గురువారం రాత్రి అక్కడ. ఇక్కడ మనకు శుక్రవారం తెల్లారుతోంది. ఫోన్‌లో ఒక ఫొటో. మా కాలేజీలో డిగ్రీ చదివి ఇప్పుడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఒక చెల్లెలు పంపింది. పెద్ద బల్ల, మధ్యలో ఎర్రగా కాల్చిన టర్కీ కోడి, దాని పక్కనే పులిహోర, గోంగూర పచ్చడి, గారెలు. చుట్టూ పదిహేను మంది మన తెలుగువాళ్ళే. థాంక్స్‌గివింగ్ భోజనం.

ఫొటో కింద మెసేజ్: "అన్నా, ఇక్కడ తినేముందు ఒక్కొక్కళ్ళు లేచి దేనికి, ఎవరికి కృతజ్ఞతలో చెప్పాలంట. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. 'అందరికీ' అని కూర్చున్నా. ఎవరికి చెప్పాలన్నా?"

తర్వాత ఫోన్ చేస్తే మిగతాది చెప్పింది. అందరూ తలో వంట తీసుకురావాలన్నారట. వాళ్ళమ్మ చేసే పద్ధతిలో పెద్దకూర వండుకుని బయల్దేరింది. లోపలికి అడుగుపెట్టగానే ఒక పెద్దావిడ ఆప్యాయంగానే "మీ ఇంటిపేరేంటమ్మా? ఏ ఊరు? ఊళ్ళో ఏ బజారు?" అని అడిగింది. అంతే. కూర గిన్నె కారు డిక్కీలోనే ఉండిపోయింది. దారిలో కొన్న చిప్స్ పొట్లం బల్లమీద పెట్టింది. ఏ షాపులో చూసినా బీఫ్ దొరికే దేశంలో, మన అమ్మాయి బీఫ్ కూర దాచుకుని చిప్స్ పెట్టింది!

మిత్రులారా, ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. రెండు ముక్కల్లో అయ్యేలా లేదు. అందుకే ఈ వారం భాగం ఇదే.

ముందు మా తాత సంగతి చెప్పాలి. తాత ఒక కామందు దగ్గర పాలేరు. ఏడాది జీతం ధాన్యంగా కొలిచేవాళ్ళు. ఒక ఏడు కొలతలో తేడా వచ్చిందని తాత నోరు తెరిచి అడిగాడు. దానికి కామందు అన్నమాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "తిన్నింటి వాసాలు లెక్కపెడతావుట్రా?"

తెలుగు ఎమ్మే పాఠాల్లో ఈ జాతీయానికి 'కృతఘ్నత' అని అర్థం రాసి ముందుకెళ్ళిపోతాం. పెట్టింది తిని, నడుం వాల్చి, పైకప్పు చూస్తూ వాసాలు లెక్కేసేవాడు, అంటే అన్నం పెట్టిన ఇంటికే ఎసరు పెట్టేవాడు అని. నాకు మాత్రం తాత చెప్పిన రెండో ముక్క గుర్తొస్తుంది. ఆ పెంకుటిల్లు కట్టినప్పుడు తాటి దూలాలు భుజాన మోసింది తాతే. వాసాలెన్నో లెక్కపెట్టాల్సిన పని లేదు ఆయనకు, ముందే తెలుసు.

ఇంకో మాట చూడండి. కృతజ్ఞత. కృత అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన. చేసినదాన్ని ఎరిగి ఉండటం కృతజ్ఞత. దండం పెట్టడం, తల వంచడం, నోరు మూసుకోవడం ఆ మాటలో ఎక్కడా లేవు. ఎవరు ఏం చేశారో తెలిసి ఉండాలి, అంతే. ఆ లెక్కన మా తాతే కృతజ్ఞుడు. సరే, ఇప్పుడు ఆ చెల్లెలు కూర్చున్న బల్ల దగ్గరికి పోదాం.

అమెరికా బడుల్లో పిల్లలకు చెప్పే కథ మీకూ తెలుసు. మేఫ్లవర్ ఓడలో వచ్చిన యాత్రికులు, వాళ్ళకు సాయపడిన ఇండియన్లు, 1621లో కలిసి తిన్న విందు. ఆ విందును చూసినవాళ్ళు రాసిన సాక్ష్యం ఎంత అనుకున్నారు? ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన 1621 డిసెంబరులో ఇంగ్లండుకు రాసిన ఉత్తరంలో ఒక్క పేరా. గవర్నరు నలుగుర్ని పిట్టల వేటకు పంపాడు. వాంపనోగ్ జాతి పెద్ద మసాసోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు. మూడు రోజులు తిన్నారు. వచ్చినవాళ్ళు ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. ఇంతే. గుమ్మడి పై లేదు, క్రాన్‌బెర్రీ సాస్ లేదు, ఆలుగడ్డ ముద్ద అసలే లేదు. పై చేయడానికి గోధుమపిండీ వెన్నా ఏవి వాళ్ళ దగ్గర?

వంట ఎవరు చేశారో కూడా ఆ పేరాలో లేదు. వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే చచ్చిపోయారు. పెళ్ళైన ఆడవాళ్ళలో బతికినవాళ్ళు నలుగురే. వాళ్ళూ, కొందరు ఆడపిల్లలూ కలిసి సుమారు 140 మందికి మూడు రోజులు వండి పెట్టి ఉండాలి. మసాసోయిట్ ఎవరో ప్రపంచానికి తెలుసు, గవర్నరు బ్రాడ్‌ఫర్డ్ ఎవరో తెలుసు. పొయ్యి దగ్గర పొగ పీల్చినవాళ్ళ ఊసు ఆ ఉత్తరానికి అక్కర్లేకపోయింది.

ఇక వాసాల లెక్క. ప్లిమత్ అని వాళ్ళు పేరు పెట్టుకున్న చోటు ఖాళీ నేల కాదు, పటుక్సెట్ అనే ఊరు. 1616 నుంచి 1619 దాకా ఆ తీరమంతా ఒక మహమ్మారి ఊళ్ళకు ఊళ్ళను తుడిచేసింది. యూరప్ ఓడలతో వచ్చిన జబ్బు. ఆ ఊరివాడే టిస్క్వాంటమ్, బడి పుస్తకాల్లో స్క్వాంటో. 1614లో ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అతన్నీ, ఇంకొందర్నీ ఎత్తుకెళ్ళి స్పెయిన్‌లో బానిసలుగా అమ్మబోయాడు. అక్కణ్ణుంచి ఎలాగో లండన్ చేరి, ఇంగ్లీషు నేర్చుకుని, 1619లో తన ఊరికి తిరిగొచ్చాడు. వస్తే ఊరు లేదు. ఎముకలున్నాయి. మరుసటి ఏడు ఆ ఎముకల నేలమీదే మేఫ్లవర్ మనుషులు ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళకు మొక్కజొన్న పాదులో చేపను ఎరువుగా పెట్టి నాటడం నేర్పింది ఈ టిస్క్వాంటమే. తన ఊరి పొలంలోనే, పరాయివాళ్ళకు!

అంతకుముందు, ఓడ దిగిన కొత్తలో, స్థానికులు నేలలో దాచుకున్న మొక్కజొన్న గింజల్ని తవ్వి తీసుకున్నామని ఆ యాత్రికులే రాసుకున్నారు. తర్వాత దానికి బదులు చెల్లించారు కూడా, ఆ మాట దాచకూడదు. కానీ గమనించండి. ఆ బల్లమీది గింజ ఎవరిది, నేల ఎవరిది, సేద్యం తెలివి ఎవరిది? అతిథి ఎవరు, ఇంటివారు ఎవరు? కథలో ఇంటివాడు అతిథి అయ్యాడు, వచ్చినవాడు అన్నదాత అయ్యాడు.

55 ఏళ్ళ తర్వాత, 1676లో, మసాసోయిట్ కొడుకు మెటాకమ్‌ను ఇంగ్లీషు వాళ్ళ యుద్ధం చంపేసింది. అతని తలను అదే ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఉంచారు. అతని చిన్న కొడుకును బానిసగా అమ్మేశారు. విందుకు ఐదు జింకలు తెచ్చినవాడి మనవడు వాడు.

మరి ఈ విందు 'మొదటి థాంక్స్‌గివింగ్' ఎప్పుడైంది? 220 ఏళ్ళ తర్వాత. 1841లో అలెగ్జాండర్ యంగ్ అనే ఆయన విన్‌స్లో ఉత్తరాన్ని అచ్చువేస్తూ ఒక అధోజ్ఞాపికలో ఆ మాట తగిలించాడు. చరిత్రలో ఫుట్‌నోట్‌కు అంత బలం ఉంటుంది, పరిశోధక విద్యార్థులు గుర్తుపెట్టుకోండి. పండగను దేశమంతటికీ చేసింది మాత్రం సారా జోసెఫా హేల్. ఐదుగురు పిల్లల తల్లి, భర్త పోయాక కలం పట్టి బతికిన మనిషి. మేరీ గొర్రెపిల్ల పాట మన కాన్వెంటు పిల్లలు కూడా పాడతారే, అది ఈవిడదే. 1827 నాటి తన నవలలో ఒక పల్లె ఇంటి థాంక్స్‌గివింగ్ భోజనాన్ని నోరూరేలా వర్ణించింది. తర్వాత తన ఆడవాళ్ళ పత్రికలో ఏళ్ళ తరబడి సంపాదకీయాలు రాసి, గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాసి, చివరికి అంతర్యుద్ధం నడుమ 1863 అక్టోబరులో లింకన్ చేత ప్రకటన చేయించింది. ఇంటివంటకు జాతీయ పండగ హోదా తెచ్చిన ఘనత ఆమెది, కాదనను. అయితే బానిసత్వం వద్దన్న అదే హేల్, విడుదలైన నల్లవాళ్ళను ఆఫ్రికాలోని లైబీరియాకు పంపేయాలన్న వాదాన్ని మోసింది. దేశమంతా ఒక్క కుటుంబంలా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి, కానీ బల్ల సర్దినవాళ్ళు సముద్రం అవతల ఉండాలి!

ఇదంతా చెబితే చెల్లెలు అడిగింది: "అయితే నల్లవాళ్ళు ఈ పండగ చేసుకోరా అన్నా?" చేసుకుంటారు, బ్రహ్మాండంగా. ఇక్కడే మనం నేర్చుకోవాల్సింది ఉంది.

లింకన్ ప్రకటనకు 55 ఏళ్ళ ముందే నల్లవాళ్ళకు తమ సొంత కృతజ్ఞతా దినం ఉంది. 1808 జనవరి 1. అమెరికాలోకి ఆఫ్రికా బానిసల్ని దిగుమతి చేయడం చట్టప్రకారం ఆగిన రోజు. ఆ రోజు ఫిలడెల్ఫియాలో సెయింట్ థామస్ ఆఫ్రికన్ చర్చిలో అబ్సలొం జోన్స్ ప్రసంగం చేశాడు. బానిసగా పుట్టి, తర్వాత స్వేచ్ఛ పొందిన మనిషి. ఏటా జనవరి 1ని కృతజ్ఞతా దినంగా జరుపుకోవాలన్నాడు. ఎందుకని? మన వాళ్ళు పడ్డ బాధల చరిత్రనూ, విడుదల చరిత్రనూ ఆ రోజున పిల్లలకు చెప్పాలి, వాళ్ళు తమ పిల్లలకు చెప్పాలి అన్నాడు. చూశారా, దేవుడికి స్తుతి చెబుతూనే వాసాలు లెక్కపెట్టమన్నాడు! (జనవరి 1 అనగానే మీలో చాలామందికి భీమా కోరేగావ్ గుర్తొచ్చి ఉంటుంది. తేదీ యాదృచ్ఛికమే. అక్కడికి మనవాళ్ళు ఏటా ఎందుకు పోతారో ఆలోచిస్తే పని మాత్రం ఒకటే.)

ఇక వంటల దగ్గరికొద్దాం. నల్లవాళ్ళ థాంక్స్‌గివింగ్ బల్లమీద మాకరోనీ చీజ్ లేకపోతే పండగే కాదంటారు. దాన్ని అమెరికాలో ప్రసిద్ధం చేసింది స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ అని పుస్తకాలు చెప్పేవి. జెఫర్సన్ గరిటె పట్టాడా? ఆయన వంటవాడు జేమ్స్ హెమింగ్స్, ఆయనకే బానిస. 1784లో పారిస్‌కు వెంట తీసుకెళ్ళి ఫ్రెంచి వంట నేర్పించాడు. తిరిగొచ్చాక హెమింగ్స్‌కు స్వేచ్ఛ ఇవ్వడానికి పెట్టిన షరతు ఏంటంటే, తన విద్య మొత్తం ఇంకొకరికి నేర్పాలి. హెమింగ్స్ తన తమ్ముడు పీటర్‌కు నేర్పి 1796లో బయటపడ్డాడు. అంటే తన విడుదలకు తమ్ముణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టాల్సి వచ్చింది. వెళ్ళేముందు ఆ వంటింట్లో ఉన్న గిన్నెలు, పెనాలు, అచ్చులు అన్నిటి జాబితా తన చేత్తో రాసి పెట్టాడు. ఆ కాగితం ఇవాళ్టికీ ఉంది. ఆ జాబితా గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత దూలాలు గుర్తొచ్చాయి.

చిలగడదుంప పై ఇంకోటి. తెల్లవాళ్ళది గుమ్మడి పై, నల్లవాళ్ళది చిలగడదుంప పై. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వంటల పుస్తకం అచ్చయింది. రచయిత్రి అబీ ఫిషర్, బానిసగా పుట్టిన మనిషి, చదవడం రాయడం రాదు. ముందుమాటలో ఆ మాట ఆమే చెప్పుకుంది. ఆమె చెబుతుంటే వేరేవాళ్ళు రాశారు. అందులో ఈ పై ఉంది. అంతకు 15 ఏళ్ళ ముందే, 1866లో, మలిండా రస్సెల్ అనే నల్లజాతి స్త్రీ తన వంటల పుస్తకం అచ్చువేసుకుంది. రాయడం రాని మనిషి గ్రంథకర్త కావడం అంటే ఏమిటో, పల్లె నుంచి యూనివర్సిటీకి వచ్చిన మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. మన వైపు ఆ పని చాలా ఆలస్యంగా మొదలైంది. మరాఠీలో షాహూ పటోళే తన మరాఠ్వాడా దళిత వంటల పుస్తకం తెచ్చింది 2015లో. తెలుగులో మన అమ్మల వంట ఇంకా ఎక్కువగా నోటిమీదే ఉంది.

ఇంకొకటి ఉంది, చిట్లిన్స్. పంది పేగులు. మంచి ముక్కలు దొరల బల్లమీదికి పోతే మిగిలినవి బానిసలకు. గంటల తరబడి కడిగి, ఉడికించి, వాటినే పండగ వంట చేశారు వాళ్ళు. చాలా ఇళ్ళలో థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా ఇది ఉంటుంది. వాసన వస్తుందని ముక్కు మూసుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు. మా అమ్మ బోటి కడిగేటప్పుడు కుళాయి దగ్గర ఆమె చేతులు చూసినవాడిని, నాకు ఈ వంట గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. అయితే నల్ల యువకుల్లోనే ఒక వాదం ఉంది: అది మన సంస్కృతా, మనకు విదిల్చిందా? బానిసత్వపు తిండిని నెత్తిన పెట్టుకోవడమెందుకు?

ఆ వాదం మనకు కొత్త కాదు. అందుకు ఒంగోలు దగ్గరికి రావాలి. థాంక్స్‌గివింగ్ దేశానికీ మన మాదిగ పల్లెలకూ ఉన్న పాత చుట్టరికం అక్కడుంది.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. చేరేవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మూడోది వంటింటి నియమంలా కనిపిస్తుంది. కాదు. చచ్చిన గొడ్డు మాదిగకు ఊరు ఇచ్చే 'హక్కు'. దానికి బదులు తోలు పని, చెప్పులు, మోట బొక్కెనలు, డప్పు. తినడం మానేస్తే ఆ లెక్క మొత్తం తెగుతుంది. అందుకే కరణాలూ రైతులూ అంత మండిపడ్డారు. మా గొడ్డును వద్దంటారా, మా పనికి రారా అని. అరవై ఏళ్ళ తర్వాత 1927లో మహద్‌లో బాబాసాహెబ్ కూడా ఇదే చెప్పాడు: చచ్చిన గొడ్డు మాంసం మానండి, విదిల్చిన ఎంగిలి మానండి. ఏం తినాలి అన్నదానికన్నా ఎవరి చేతి నుంచి, ఏ షరతు మీద తింటున్నాం అన్నది ఆయన ప్రశ్న. ఆ చెల్లెలు సొంత డబ్బుతో కొని వండుకున్న పెద్దకూరకూ, ఊరు పారేసిన కళేబరానికీ మధ్య తేడా అదే. ఆ తేడా తెలియనివాళ్ళే రెంటినీ కలిపి మనల్ని వెక్కిరిస్తారు.

1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా పెట్టారు. క్లౌ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, పల్లెల నుంచి జనాన్ని పిలిచి తవ్వించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అమెరికా చర్చిల్లో మారుమోగింది. మనవాళ్ళను మాత్రం ఇవాళ్టికీ ఒక మాట తరుముతూనే ఉంది: గంజి కోసం మతం మారారు అని.

వాసాలు లెక్కపెడదాం. ఆ గంజి దానమా? వాళ్ళు మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి తీసుకున్నారు, ఆ కూలితో తిన్నారు. కాలువ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు. ప్రభుత్వం కాలువ కట్టిందంటారు, మిషనరీ ప్రాణాలు కాపాడాడంటారు, మనవాళ్ళు గంజి తాగారంటారు. తవ్వారు అన్న క్రియ ఒక్కటే మాయమైపోతుంది. క్లౌ మేలు చేయలేదని నేననను. తనవాళ్ళే మేస్త్రీలుగా, తిట్టే నోరూ కొట్టే చెయ్యీ లేని చోట పని దొరకడం మాదిగకు ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. ఆయన చేసింది ఆయనకు, మా ముత్తవ్వలు తవ్వింది మా ముత్తవ్వలకు. రెండూ ఎరగడమే కదా కృతజ్ఞత?

ఇప్పుడు మా ఇంటి వాసాలు. తప్పించుకుంటే బాగుండదు.

మా వైపు ఇళ్ళలో కృతజ్ఞతా కూడిక అని చేస్తాం. ఇల్లు కట్టినా, పిల్లాడికి ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా. ప్రార్థన, పాటలు, వాక్యం, తర్వాత భోజనాలు. నవంబరు గురువారంతో దానికి సంబంధం లేదు, ఏ నెలైనా చేస్తాం. నాకు డాక్టరేట్ వచ్చినప్పుడు మా ఇంటి ముందు షామియానా వేశారు. పక్కన గాడిపొయ్యి తవ్వి, రెండు డేగిసాలు ఎక్కించారు. పాస్టరుగారికి కృతజ్ఞతలు చెప్పాను, మా గైడుకు చెప్పాను, సంఘ పెద్దలకు చెప్పాను, అంబేద్కర్‌కు చెప్పాను, పీడిత జనానికి కూడా చెప్పాను. తెల్లవారుజామున మూడింటి నుంచి ఉల్లిపాయలు కోసిన అమ్మ, పెద్దమ్మ, మేనత్త, ఇద్దరు వదినలు ఆ మాటల్లో ఎక్కడా లేరు. మొదటి బంతి మగవాళ్ళది, రెండో బంతి మగవాళ్ళది, మూడోది పిల్లలది. వాళ్ళు తినేసరికి సాయంత్రం నాలుగైంది, కూరలో ముక్కలు అయిపోయాయి. పులుసుతో తిన్నారు. విన్‌స్లో ఉత్తరంలో వంటవాళ్ళు లేరని పైన నేనే రాశాను. నా ప్రసంగం అంతకన్నా పొడుగు, అందులోనూ లేరు.

ప్లిమత్‌లో 1970లో జరిగింది కూడా ఆ చెల్లెలికి చెప్పాను. మేఫ్లవర్ వచ్చి 350 ఏళ్ళయిన సందర్భంగా అధికారిక విందులో మాట్లాడమని వాంపనోగ్ నాయకుడు వామ్సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ఆయన రాసిన ప్రసంగం ముందుగా తెప్పించుకుని చదివారు. సమాధుల్ని తవ్విన సంగతి, గింజలు తీసుకున్న సంగతి అందులో ఉంది. ఇది కుదరదు, వేరేది రాసిస్తాం చదవమన్నారు. ఆయన ఆ విందుకు పోలేదు. థాంక్స్‌గివింగ్ రోజున ప్లిమత్‌లోనే కోల్స్ హిల్ మీద, మసాసోయిట్ విగ్రహం దగ్గర తనవాళ్ళతో నిలబడి మాట్లాడాడు. అప్పట్నుంచి ఏటా అదే రోజున అక్కడ జాతీయ శోక దినం జరుగుతోంది. వచ్చేవాళ్ళలో చాలామంది ఉపవాసం ఉంటారు. సభ అయ్యాక అందరూ కలిసి కూర్చుని తింటారు.

"అయితే నేను వచ్చే ఏడు ఏం చెప్పాలి?" అంది. అది నేను రాసివ్వకూడదు కదా! రాసిచ్చింది చదవమనేవాళ్ళ గురించి ఇప్పుడే చెప్పుకున్నాం. ఆ రాత్రి గదికి వెళ్ళాక డిక్కీలోంచి గిన్నె తీసి వేడిచేసి, పక్క గదిలో ఉండే మిసిసిపీ అమ్మాయిని పిలిచి ఇద్దరూ తిన్నారట. ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మ చిట్లిన్స్ ఎలా కడుగుతుందో చెబితే, ఈమె బోటి సంగతి చెప్పిందట. ఇద్దరిలో ఎవరి అవ్వ ఎక్కువసార్లు కడుగుతుందన్న దగ్గర పంచాయితీ తెగలేదు.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. ప్లిమత్ గురించి, హెమింగ్స్ గురించి, నా ప్రసంగంలో ఆమె పేరు లేకపోవడం గురించి కూడా. చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది. పేరు గురించి ఏమీ అనలేదు. "ఆ రోజు ముక్కలు అయిపోయినాయని మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటది" అంది. కాసేపాగి అడిగింది: "ఆ పిల్ల కూరలో కారం సరిపోయిందంటనా?"